కొత్త ఫోనులోకి పాత లెక్కలు



నేను మాట్లాడటం మొదలుపెడితే మిరప నారుమడిని గురించో, పత్తిలో గులాబీరంగు పురుగును గురించో అయివుంటుందని మీరు అనుకోవటం సహజం. నా ఉద్యోగం అదే గదా! కాని ఈ పూట పురుగులను, తెగుళ్ళను కాసేపు ప్రక్కన పెడదాం. మీ చొక్కా జేబులో ఉండే ఫోను సంగతి ముచ్చటించుకుందాం. ఫోను చెడిపోయినా, పోయినా, దానిలో మనం దాచుకున్న లెక్కలూ, ఫొటోలూ, కబుర్లూ కొత్త ఫోనులోకి ఎట్లా తెచ్చుకోవాలి? అసలు వచ్చేవేమిటి, రానివేమిటి? ఇది వ్యవసాయంతో ఏం సంబంధం అంటారేమో. సంబంధం ఉన్నదో లేదో ముందు ఈ కథ విని మీరే చెప్పండి.

నిరుడు మా నడికుడి దగ్గర ఒక కౌలు రైతు మూడెకరాలలో మిరప వేశాడు. ఆషాఢంలో విత్తనం కొన్నప్పుడు నేను ఆయనతో, "బాబాయ్, బిల్లుకూ, విత్తనం ప్యాకెట్టుకూ, దానిమీద ఉన్న లాటు నంబరుకూ ఫొటో తీసి పెట్టుకో. అది చాలు" అన్నాను. ఆయన నా మాట విని ఫొటోలు తీసుకున్నాడు. కాగితం బిల్లు మటుకు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఈ రోజుల్లో దుకాణాలలో మిషనుమీద కొట్టి ఇచ్చే బిల్లు ఎండకూ చెమటకూ నిలవదు. నాలుగు నెలలకు అది తెల్లకాగితం అయింది. చూడబోతే అక్షరం ముక్క లేదు.

కార్తీకం వెళ్ళేసరికి చేలో తేడా కనిపించింది. మొక్కలు ఒక్క తీరుగా లేవు. కొన్ని ఎగబాకినయ్, కొన్ని కురచగా ఉండిపోయినయ్. కాయ ఒక చెట్టున ఒక రకంగా, ఇంకో చెట్టున ఇంకో రకంగా వచ్చింది. ఎరువులో లోపమా, నల్ల తామరపురుగు పనా అని చూశాం. 2021లో ఆ పురుగు మన మిరపను ఎట్లా చేసిందో మీరెవరూ మరచిపోలేదు. కాని ఇది ఆ గుర్తు కాదు. విత్తనంలోనే ఏదో కల్తీ ఉన్నదని అనుమానం వచ్చింది. అర్జీ పెట్టమన్నాను. పంట చేలో నిలిచి ఉండగానే అధికారులూ, శాస్త్రజ్ఞులూ వచ్చి చూడాలి. పీకివేసిన తరువాత చూసేదేముంటుంది? వారం రోజులలో వస్తామని కబురు వచ్చింది. బిల్లూ, లాటు నంబరూ సిద్ధంగా ఉంచుకోమన్నారు.

ఆ మధ్యనే జరిగింది అసలు అవాంతరం. మందు కలిపే డ్రమ్ముమీదికి వంగి కర్రతో కలియబెడుతుండగా, పై జేబులోని ఫోను జారి డ్రమ్ములో పడ్డది. రెండు వందల లీటర్ల మందునీళ్ళు. ఆయన వెనకా ముందూ చూడకుండా వట్టి చెయ్యి భుజం దాకా ముంచి ఫోను తీశాడు. ఇక్కడ ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. ఫోను పది పదిహేను వేలది కావచ్చు, చెయ్యి మళ్ళీ కొనుక్కునేది కాదు. మందునీళ్ళలో ఏది పడ్డా వట్టి చేతితో తియ్యవద్దు. పడితే వెంటనే సబ్బుతో బాగా కడుక్కోండి, తడిసిన చొక్కా మార్చుకోండి. అసలు మందు కలిపేటప్పుడు ఫోను పై జేబులో ఉండనే కూడదు. గట్టున, చెట్టుకొమ్మకు తగిలించిన సంచిలో ఉండాలి.

ఫోను మళ్ళీ వెలగలేదు. సిమ్ము కార్డు మాత్రం తుడిచి ఆరబెడితే బతికింది. మూడో రోజున ఆయన పెద్ద ఊరు పోయి కొత్త ఫోను కొనుక్కున్నాడు. దుకాణంలోని కుర్రవాడు రెండు నిమిషాలలో టకటకా నొక్కి, కొత్త జీమెయిలు ఒకటి తయారుచేసి, అడిగినదానికల్లా "వద్దు, తరువాత" అని నొక్కుకుంటూ పోయి, "తీసుకో బాబాయ్, అయిపోయింది" అని చేతిలో పెట్టాడు. ఇంటికి వచ్చి చూసుకుంటే ఫొటోలు లేవు, వాట్సాప్‌లో ఒక్క కబురు లేదు, నంబర్లు లేవు. ఆ రాత్రే నా దగ్గరకు వచ్చాడు. "సారూ, ఫొటో చాలు అన్నారు. ఇప్పుడు ఫొటో కూడా పోయింది. నేనేం చూపించాల?" అన్నాడు.

సోదరులారా, ఆ ప్రశ్నకు నాకు జవాబు లేదు. "చాలు" అని నేను అని ఉండకూడదు. ఆ తప్పు నాది. ఆ రాత్రి నుంచి ఈ విషయం నేను కూడా శ్రద్ధగా నేర్చుకున్నాను. నేను వ్యవసాయ డిప్లొమా చదివినవాణ్ణేగాని ఫోన్ల ఇంజనీరును కాను. కాబట్టి నాకు అర్థమైన పద్ధతిలో, మన భాషలో చెబుతాను.

మొదట ఈ "క్లౌడు" అనే మాట. క్లౌడు అంటే మబ్బు. కాని మన ఫొటోలు మబ్బులలో తేలుతున్నాయని అనుకోకండి. పూర్వం మన పల్నాటిలో జొన్నలు పాతర వేసేవారు. ఇంట్లో గాదె ఒకటి, నేలలో పాతర ఒకటి. ఇల్లు కాలినా, గాదెకు ఎలుక తగిలినా, పాతరలోని గింజ పదిలంగా ఉండేది. క్లౌడు కూడా అటువంటి పాతరే. ఎక్కడో దూరాన కంపెనీవాళ్ళ పెద్ద పెద్ద కంప్యూటర్లలో మన పేర ఒక గది ఉంటుంది. మన ఫోనులో ఉన్నదానికి నకలు తీసి ఆ గదిలో వేయటాన్ని బ్యాకప్ అంటారు. ఆ నకలును కొత్త ఫోనులోకి తిరిగి దించుకోవటాన్ని రీస్టోర్ అంటారు. ఇంతే సంగతి.

అయితే పాతరకు గుర్తు ఉంటుంది. ఎవరి పాతర ఏ గడ్డ క్రింద ఉన్నదో ఇంటి పెద్దకు తెలియాలి. ఆయన చెప్పకుండా కన్ను మూస్తే, గింజ ఉండీ లేనట్లే. ఈ పాతరకు గుర్తు మీ జీమెయిలు పేరు, దాని పాస్‌వర్డు. ఆ రెండూ తెలిస్తే గింజ చేతికి వస్తుంది. తెలియకపోతే ఫొటోలన్నీ భద్రంగా ఉన్నా మీకు మాత్రం దక్కవు. ఐఫోను వాడేవారికి ఈ గది ఆపిల్ కంపెనీ ఐక్లౌడులో ఉంటుంది. తక్కిన ఫోన్లు వాడే మనబోటివారికి గూగుల్ ఖాతాలో ఉంటుంది. గూగుల్ ఖాతాలో 15 జీబీ దాకా ఉచితం, ఐక్లౌడులో 5 జీబీ దాకా ఉచితం. అంతకు మించితే నెల నెలా అద్దె కట్టాలి.

ఇప్పుడు కథలోకి వద్దాం. నేను ఆయన్ను, "పాత ఫోనులో జీమెయిలు ఏది?" అని అడిగాను. "నాకేం తెలుసు, మా అమ్మాయి పెట్టింది" అన్నాడు. మన ఊళ్ళల్లో నూటికి తొంభై ఇళ్ళల్లో వినిపించే జవాబు ఇదేనని నా అనుభవం. గూగుల్ వారు ఖాతా పేరు మరచిపోయినవారికి ఒక దారి పెట్టారు. ఖాతాకు ఇచ్చిన ఫోను నంబరూ, ఖాతాలో వ్రాసిన పేరూ చెబితే, ఆ నంబరుకు ఒక కోడు పంపి, ఖాతా ఏదో చూపిస్తారు. ఆయన పేరు వ్రాశాం, దొరకలేదు. ఇంటిపేరుతో వ్రాశాం, దొరకలేదు. గుంటూరు హాస్టలులో ఉన్న అమ్మాయికి ఫోను చేస్తే, ఆమె నవ్వి, "నా ముద్దుపేరు పెట్టాను నాన్నా" అంది. ఆ పేరు వ్రాయగానే సిమ్ముకు కోడు వచ్చింది, ఖాతా బయటపడింది. పాస్‌వర్డు కూడా ఆ నంబరు ఆధారంతోనే కొత్తది పెట్టుకున్నాం. ఆ సిమ్ము బతికి ఉండబట్టి సరిపోయింది. అది కూడా పోయి ఉంటే, నకలు సిమ్ము తెచ్చుకునేదాకా ఆగవలసి వచ్చేది.

ఖాతా తెరిచాక గూగుల్ ఫొటోస్‌లో చూస్తే విత్తనం బిల్లు ఉన్నది, ప్యాకెట్టు ఉన్నది, లాటు నంబరు స్పష్టంగా ఉన్నది, తీసిన తేదీ కూడా ఉన్నది. ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నేను మాత్రం ఇంకా క్రిందికి చూస్తున్నాను. దసరా తరువాత తీసిన ఫొటో ఒక్కటీ లేదు. ఏమిటి కారణం?

కారణం చిన్నదే, కాని మనందరికీ వర్తించేది. ఫొటోలు పాతరలోకి వెళ్ళటానికి ఇంటర్నెట్టు కావాలి. వైఫై ఉన్నప్పుడే పంపాలని, మామూలు సిమ్ము డేటాతో పంపకూడదని చాలా ఫోన్లలో ముందే పెట్టి ఉంటుంది. డేటా ఖర్చు కాకుండా ఉండటానికి అట్లా పెట్టారు. పట్నంవారికి ఇంటినిండా వైఫై గనుక వారికి ఇబ్బంది లేదు. మన పల్లెలలో ఎందరిళ్ళల్లో ఉన్నది? బ్యాకప్ "ఉన్నది" అని ఫోను చెబుతూనే ఉంటుంది. గింజ మాత్రం పాతరలోకి పోదు. ఈయన దసరాకు గుంటూరులోని బావమరిది ఇంటికి పోయి రెండు రోజులు ఉన్నాడు. ఆ ఇంట్లో వైఫై ఉన్నది. పిల్లలు ఫోను కలిపారు. అప్పటిదాకా ఉన్న ఫొటోలన్నీ ఆ రెండు రోజులలో పైకి పోయినయ్. ఆ తరువాత మళ్ళీ ఒక్కటీ పోలేదు. అంటే ఆయన్ను కాపాడింది నా సలహా కాదు, దసరా పండుగ!

ఇక వాట్సాప్ సంగతి. విత్తనం అమ్మిన వ్యాపారితో జరిగిన మాటలూ, ధరా, అన్నీ దానిలోనే ఉన్నయ్. వాట్సాప్ పాత కబుర్లను తిరిగి ఇవ్వటానికి ఒకే ఒక్క సందు ఇస్తుంది. కొత్తగా వేసుకొని నంబరు సరిచూసిన వెంటనే, "పాత బ్యాకప్ దొరికింది, తెమ్మంటారా?" అని అడుగుతుంది. అప్పుడు తెమ్మనాలి. దుకాణం కుర్రవాడు కొత్త జీమెయిలు పెట్టాడు గనుక దానికి బ్యాకప్ దొరకనే లేదు. ఒక విధంగా ఇదీ మన మంచికే వచ్చింది. పాత జీమెయిలే పెట్టి, రీస్టోర్ మాత్రం వద్దని నొక్కి, ఆ రాత్రి కొత్త బ్యాకప్ జరిగి ఉంటే, ఖాళీ బ్యాకప్ వచ్చి పాత దానిమీద కూర్చునేది. నిండు పాతరను ఖాళీ చేసి తాలు పోసినట్లయ్యేది.

మేం ఏం చేశామంటే, కొత్త ఫోను సెట్టింగులలో పాత జీమెయిలు ఖాతాను చేర్చాం. వాట్సాప్‌ను తీసివేశాం, అది ఆ మూడు రోజులలో ఫోనులో దాచుకున్న చిన్న ఫైళ్ళను కూడా తీసివేశాం. మళ్ళీ వాట్సాప్ వేసి, అదే నంబరు ఇచ్చి, కోడు వ్రాశాం. ఈసారి బ్యాకప్ దొరికింది, తేదీ దసరా నాటిది. రీస్టోర్ నొక్కాం. ముందు కబుర్లు వచ్చినయ్, తరువాత ఫొటోలు ఒక్కొక్కటే నింపాదిగా దిగినయ్. ఆ మూడు రోజుల కొత్త కబుర్లు పోయినయ్, దానికి బాధలేదు. కార్తీకంలో చేలో తీసి నాకు పంపిన ఫొటోలు నా ఫోనులో ఉండబట్టి, అవి తిరిగి పంపాను.

రానిది కూడా చెప్పాలి గదా. కార్తీకంలో భూమిగల ఆసామికి కౌలు డబ్బు కట్టి, ఆయన వ్రాసి ఇచ్చిన చీటీకి తీసిన ఫొటో రాలేదు. అది ఎవరికీ పంపలేదు, పైకి పోలేదు. ఆ ఆసామి మంచివాడు గనుక మరో చీటీ వ్రాసి ఇచ్చాడు. అందరికీ అటువంటి ఆసామి దొరుకుతాడని చెప్పలేం. ఫోను లోపల మాత్రమే ఉన్న మాటల రికార్డింగులు కూడా పోయినయ్.

పరిశీలనకు వచ్చిన రోజున ఆయన బిల్లూ, లాటు నంబరూ చూపించాడు. వాళ్ళు చేను చూశారు, వ్రాసుకున్నారు. నష్టపరిహారం ఎంత, ఎప్పుడు అన్నది వేరే సంగతి, అది నేను చెప్పగలిగింది కాదు. కాని బిల్లు లేనిదే అసలు మాట మొదలు కాదు. 2012 జనవరిలో సుప్రీంకోర్టువారు నేషనల్ సీడ్స్ కార్పొరేషన్‌కు సంబంధించిన కేసులో, విత్తనం చెడ్డదై నష్టపోయిన రైతు వినియోగదారుల ఫోరానికి పోవచ్చునని తీర్పు చెప్పారు. ఆ కేసులో పోరాడినవారు మన ఆంధ్రప్రదేశ్ రైతులే. హక్కు ఉన్నది. హక్కుకు ఋజువు కావాలి. ఆ ఋజువు ఇప్పుడు చాలామందికి ఫోనులోనే ఉన్నది. మిరప యార్డులో ఇచ్చిన తక్‌పట్టీ ఫొటో అక్కడే, పంట నమోదు కాగితం అక్కడే, ఎరువుల బిల్లు అక్కడే. అందుకనే ఈ సంగతి వ్యవసాయమే అంటున్నాను.

ఇక వరుసగా చేయవలసిన పనులు చెబుతాను. నిదానంగా వినండి. తోచకపోతే ఇంట్లో చదువుకుంటున్న పిల్లల చేత వ్రాయించుకోండి.

మొదటిది, ఫోను బాగా ఉన్నప్పుడే చేసే పనులు. సెట్టింగులలో గూగుల్ అనే చోట, కొన్ని ఫోన్లలో సిస్టమ్ అనే చోట, బ్యాకప్ అని ఉంటుంది. అది తెరిచి చూడండి. ఏ జీమెయిలుకు పోతున్నదో, ఆఖరున ఏ తేదీన పోయిందో అక్కడ ఉంటుంది. గూగుల్ ఫొటోస్‌లోనూ, వాట్సాప్‌లో చాట్ బ్యాకప్ అనే చోటా విడిగా చూసుకోవాలి; ఒకటి పెడితే మూడూ పోతాయని అనుకోవద్దు. వైఫై లేని ఇళ్ళవారు వారానికి ఒక రాత్రి సిమ్ము డేటాతో పంపటానికి అనుమతి ఇవ్వండి. రోజూ మిగిలిపోయే డేటా ఎట్లాగూ వృథా పోతున్నదే గదా! నంబర్లు వ్రాసుకునేటప్పుడు సిమ్ములో కాకుండా, ఫోనులో కాకుండా, గూగుల్ ఖాతాలో దాచమనండి. అప్పుడు ఏ ఫోను కొన్నా నంబర్లు వెంట వస్తయ్.

ఉచితమైన 15 జీబీ జీమెయిలుకూ, ఫొటోలకూ, వాట్సాప్ బ్యాకప్‌కూ కలిపి ఒక్కటే. 2021 జూన్‌కు ముందు ఫొటోలకు హద్దు లేదు, ఇప్పుడు ఉన్నది. ఆండ్రాయిడ్ ఫోన్లలో వాట్సాప్ బ్యాకప్ కూడా 2024 నుంచి ఆ లెక్కలోకే వచ్చింది. రోజూ వచ్చే శుభోదయం బొమ్మలూ, సినిమా ముక్కలూ గది నింపేస్తే, విత్తనం బిల్లుకు చోటుండదు. గది నిండితే బ్యాకప్ ఆగిపోతుంది. కలుపు తీసినట్లు నెలకొకసారి అవి తీసివేయండి.

రెండవది, మొలక పరీక్ష. విత్తనం నిలవ ఉన్నదని మురిసిపోము. నాలుగు గింజలు తడిగోనెలో పెట్టి మొలకెత్తుతయ్యో లేదో చూసి చల్లుతాం. బ్యాకప్ కూడా అంతే. నెలకొకసారి ఇంట్లో ఇంకొకరి ఫోనులోనో, కంప్యూటరులోనో మీ ఖాతా తెరిచి, నిన్న మొన్న తీసిన ఫొటో కనిపిస్తున్నదో లేదో చూడండి. కనిపిస్తే మొలక వచ్చినట్లు. చూసిన తరువాత ఆ ఫోనులో మీ ఖాతా మూసివేయండి. విత్తనానికి గడువు ఉన్నట్లే దీనికీ గడువు ఉన్నది. ఫోను 57 రోజులపాటు వాడకపోతే ఆ ఫోను బ్యాకప్‌ను గూగుల్‌వారు తీసివేయవచ్చు. ఫొటోలకు మాత్రం ఈ గడువు వర్తించదు. ఖాతానే రెండేళ్ళపాటు తెరవకపోతే ఖాతాకే ముప్పు. కాబట్టి చెడిపోయిన ఫోను అలమరలో పెట్టి, పంట అమ్మిన తరువాత చూద్దాంలే అని నెలలు గడపవద్దు.

మూడవది, ఫోను పోయిన రోజున. మొదట సిమ్ము కంపెనీకి చెప్పి సిమ్ము ఆపించండి. తరువాత బ్యాంకుకు చెప్పి యూపీఐ ఆపించండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోను చేయాలి. దొంగిలించిన ఫోనైతే పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి, సంచార్ సాథీ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో ఆ ఫోను పని చేయకుండా ఆపించవచ్చు. 2023 మే నుంచి ఈ వసతి దేశమంతటా ఉన్నది. దానికి ఫోను ఐఎంఈఐ నంబరు కావాలి. స్టారు, హాషు, సున్నా, ఆరు, హాషు నొక్కితే ఆ నంబరు కనిపిస్తుంది. ఇవ్వాళే నొక్కి పుస్తకంలో వ్రాసుకోండి. ఫోను పోయిన తరువాత నొక్కటానికి ఏముంటుంది? నకలు సిమ్ము తీసుకుంటే మొదటి 24 గంటలు ఎస్సెమ్మెస్సులు నడవవు. మీ పేర ఇంకెవరో సిమ్ము తీసి డబ్బు కాజెయ్యకుండా పెట్టిన కట్టుబాటు అది. కోడు రాలేదని కంగారుపడి పదిసార్లు నొక్కవద్దు. ఒక రోజు ఆగండి.

నాల్గవది, కొత్త ఫోను తెరిచేటప్పుడు. మా నడికుడి జంక్షనులో గుంటూరు బండి దిగి మాచర్ల బండి ఎక్కేవారు ఏం చేస్తారు? మూటలు లెక్కపెట్టుకొని దింపుకుంటారు, లెక్కపెట్టుకొని ఎక్కించుకుంటారు. బండి కూత వేసిందని చేతులు ఊపుకుంటూ పరుగెత్తరు. ఫోను మార్చటం కూడా బండి మారటమే. దుకాణంలో తొందరపడవద్దు. "ఫోను ఇట్లా ఇవ్వండి, ఇంట్లో తెరుచుకుంటాను" అనండి. ఛార్జింగు నిండుగా పెట్టి, సిగ్నలు బాగా ఉన్నచోట కూర్చోండి. పాత సిమ్ము వేయండి. పాత ఫోను నుంచి తెచ్చుకుంటారా అని అడిగే చోట "వద్దు" అనవద్దు. పాత ఫోను లేదు, క్లౌడు నుంచి తెమ్మని చెప్పి, పాత జీమెయిలు, పాస్‌వర్డు ఇవ్వండి. పాత ఫోను పేరూ, తేదీతో వరుస కనిపిస్తుంది. సరైనది ఎంచుకోండి. పాత ఫోనుకు వేసిన తాళం గీతో, అంకెలో అడగవచ్చు, అవీ గుర్తుంచుకోండి. పాత ఫోనులో ఆండ్రాయిడ్ కొత్త రకమై, కొన్న ఫోనులోది పాత రకమైతే, ఆ బ్యాకప్ దిగదు. సెకండ్ హ్యాండు ఫోను కొనేవారు ఇది చూసుకోవాలి.

ఆ తరువాత వాట్సాప్. అదే నంబరు, అదే జీమెయిలు. బ్యాకప్ తేదీ చూసి రీస్టోర్ నొక్కండి. కొందరు వాట్సాప్ బ్యాకప్‌కు విడిగా రహస్య తాళం పెట్టుకుంటారు. 2021 నుంచి ఆ వసతి ఉన్నది. ఆ పాస్‌వర్డు గాని, 64 అంకెల తాళం గాని పోతే వాట్సాప్‌వారు కూడా తెరవలేరు. పెట్టుకుంటే వ్రాసి దాచుకోండి, లేదా పెట్టవద్దు.

అయిదవది, బ్యాకప్‌తో రానివి. ఫోన్‌పే, గూగుల్‌పే వంటివి మళ్ళీ మొదటినుంచి నమోదు చేసుకోవాలి. బ్యాంకులో ఇచ్చిన నంబరు సిమ్మే ఫోనులో ఉండాలి. భయపడవలసింది లేదు. మీ డబ్బు ఫోనులో లేదు, బ్యాంకులో ఉన్నది. ఫోను డ్రమ్ములో పడితే డబ్బు తడవదు. ఆధారు వంటి ప్రభుత్వ కాగితాలకు డిజిలాకర్ ఉన్నది. 2015లో పెట్టినది. ఆధారు నంబరుతో, ఫోనుకు వచ్చే కోడుతో ఏ ఫోనులోనైనా తెరుచుకోవచ్చు. అందుకు ఆధారుకు ఇచ్చిన నంబరు మీ చేతిలో ఉన్నదే కావాలి. పాత నంబరు ఎవరికో పోయి ఉంటే, ముందు అది మార్పించుకోండి.

ఇక ఒక హెచ్చరిక. "మీ బ్యాకప్ మేం తెచ్చిపెడతాం, ఓటీపీ చెప్పండి" అని ఎవరైనా ఫోను చేస్తే, వాడు దొంగ. గూగుల్‌వారు గాని, బ్యాంకువారు గాని, మా శాఖవారు గాని ఓటీపీ అడగరు. పాతర గుర్తు దారినపోయేవాడికి చెప్పుకుంటామా?

మరి జీమెయిలు పేరు ఎక్కడ వ్రాసుకోవాలి? పట్టాదారు పాసుపుస్తకం ఉన్న సంచిలో ఒక కాగితంమీద జీమెయిలు పేరు, ఖాతాలో వ్రాసిన పేరు, ఇచ్చిన ఫోను నంబరు వ్రాసి పెట్టండి. పాస్‌వర్డు ఇంకో కాగితంమీద, ఇంకోచోట. ఇంట్లో ఇద్దరికి తెలిసి ఉండాలి, ఒకరు మీరు, రెండవవారు మీ ఇల్లాలో, బిడ్డో. ఆడవారి పేర భూమి ఉన్న ఇళ్ళల్లో ఖాతా కూడా వారికి తెలిసే ఉండాలి. అన్నిటికంటె ముఖ్యం, కాగితం బిల్లును పారవేయవద్దు. దానిని జెరాక్సు తీయించండి. జెరాక్సు అక్షరం మిషను బిల్లులాగా వెలిసిపోదు. కాగితం ఒకటి, ఫొటో ఒకటి, నమ్మకమైనవారికి పంపిన నకలు ఒకటి. మూడు చోట్ల ఉంటే మూడూ ఒకేరోజున పోవు.

విస్తరణ పనిలో ఉన్న నా తోటి ఉద్యోగులకు ఒక మనవి. రైతును ఫొటో తీసుకోమని చెప్పటంతో మన పని తీరదు. రైతు సేవా కేంద్రంలో నెలకొక సాయంత్రం కూర్చుని, వచ్చినవారి ఫోనులో బ్యాకప్ తేదీ చూపించండి. జీమెయిలు పేరు రైతు చేతనే కాగితంమీద వ్రాయించండి. పాస్‌వర్డు మాత్రం మీరు అడగవద్దు, చూడవద్దు. చెయ్యవలసిన నొక్కుళ్ళు రైతు వేలితోనే చేయించండి. మనం నొక్కి ఇస్తే మనమూ ఆ దుకాణం కుర్రవాడిలాగానే అవుతాం.

ఆ కౌలు రైతు ఈ సంవత్సరం కూడా మిరప వేశాడు. మొన్న చేలో కనిపిస్తే, జేబు తట్టి చూపించాడు. ఫోను లేదు. గట్టున వేపకొమ్మకు సంచి వ్రేలాడుతున్నది. "సారూ, విత్తనం బిల్లు జెరాక్సు తీయించినా. ఫొటో తీసినా. మా అమ్మాయికీ, మీకూ పంపినా. నిన్న రాత్రి పైకి కూడా పోయింది, తేదీ చూసినా. ఇప్పుడు చాలా?" అన్నాడు.

ఈసారి నేను చాలు అనలేదు. "వచ్చే నెల మళ్ళీ తేదీ చూడు బాబాయ్" అన్నాను.

మీరూ ఈ రాత్రి భోజనమైన తరువాత ఒక్కసారి ఆ తేదీ చూసుకోండి.